లంఖణం మింగిన తమ్ముళ్లు

ఎవరైనా నా ముందు 'లంఖణం పరమౌషధం' అన్నారంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చిన్నతనం నుంచీ అంతే. వికారాబాద్ బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ ఆ సామెతను పిల్లల చేత రాయించలేదు. సామెతల పాఠంలో అది వస్తే దాటేసి కిందిదానికి పోయేదాన్ని. తోటి పంతుళ్లు 'టీచరమ్మకు ఆకలెక్కువ' అని నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ అని ఊరుకున్నాను. ఇప్పుడైతే మరీ ఘోరం. మా వీధిలో సగంమంది ఉపవాసాలే. పొద్దున్నే నడకకు వెళ్తే బెంచీల మీద కూర్చుని ఎవరు ఎంతసేపు తినకుండా ఉండగలరో గొప్పలు చెప్పుకుంటారు. ఉండనివ్వండి, తిన్నది అరగనివాళ్లు తినకుండా ఉంటే నాకేం నష్టం? నోట్లో పళ్లు సరిగ్గా రాని పిల్లల కడుపు మాడ్చినవాళ్ల మీదే నా కోపం. ఆ కోపం ఇన్నేళ్లూ నాలో కుతకుత ఉడుకుతూనే ఉంది కానీ, అందులో న్యాయం ఎంత ఉందో మొన్నటిదాకా నాకూ తెలియదు.

మొన్న హైదరాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ గదిలో తెలిసింది. నా కొడుకు కూతురు స్వాతికి ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు పుట్టగానే మడమ మీద సూదితో గుచ్చి రక్తపుచుక్క తీస్తారట. ఆ చుక్కలో ఏదో తేడా కనబడింది, మళ్లీ పరీక్షలు చేశారు, పెద్దవాళ్లను కూడా వెంటబెట్టుకుని రమ్మన్నారు. స్వాతి మొగుడు మహేష్ బయటివాడేం కాదు, మా తమ్ముడు నర్సింహ కొడుకు. నర్సింహకూ నాకూ తండ్రి ఒకడే, తల్లులు వేరు. మా నాయిన రెండో పెళ్లి చేసుకుంటే పుట్టినవాడు. వరస ప్రకారం మహేష్ స్వాతికి మేనమామ అవుతాడు. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, వరస కుదిరింది, ఇంకేం కావాలి అనుకున్నాం. మా ఇళ్లల్లో వరస కుదిరితే జాతకం కూడా చూడరు.

డాక్టరమ్మ ఇంకా చిన్నపిల్లే, స్వాతి కంటే నాలుగేళ్లు పెద్దదేమో. ఓపికగా చెప్పింది. "అన్నం తిన్నాక కొన్ని గంటలు మన ఒళ్లు చక్కెరతో నడుస్తుంది అమ్మమ్మా. అది అయిపోతే దాచుకున్న కొవ్వును కరిగించుకుని నడుస్తుంది. జ్వరం వస్తే చక్కెర ఇంకా తొందరగా అయిపోతుంది. ఈ పాపకు కొవ్వును కరిగించే ఎంజైమ్ పనిచేయదు. ఒంట్లో కొవ్వు ఎంత ఉన్నా దాన్ని వాడుకోలేదు." గాదె నిండా కందులుండీ తలుపు తాళంచెవి దొరకని ఇల్లన్నమాట. స్వాతి ఏడుస్తూ మందేమిటని అడిగింది. "వేళకు పాలు పట్టడమే మందు. రాత్రి కూడా లేపి పట్టాలి. జ్వరమో వాంతులో వచ్చి పాలు తాగకపోతే ఇంట్లో ఉంచుకోకుండా ఆసుపత్రికి తీసుకొచ్చేయండి, గ్లూకోజ్ ఎక్కిస్తాం. కడుపు ఖాళీగా ఉండనివ్వకపోతే చాలు, అందరు పిల్లల్లాగే పెరుగుతుంది" అంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నర్సింహ ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాడు. ఆ తర్వాత డాక్టరమ్మ మామూలుగానే ఒక ప్రశ్న అడిగింది. "ఇంతకుముందు మీ ఇంట్లో చిన్నపిల్లలెవరైనా జ్వరమొచ్చి నిద్రలోనే పోయారా?" నర్సింహ నా మొహం చూసి తల దించుకున్నాడు. "పోయారు. ఇద్దరు, నా తమ్ముళ్లు" అన్నాను.

మా నాయిన ఊరు తాండూరుకు ఎడ్లబండి మీద ఒక పూట దూరం. ఇంకాస్త అవతలికి పోతే కన్నడం మాట్లాడే పల్లెలు. నేను పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది పుట్టినదాన్ని కనుక నాకు తెలిసిన ఆ ఇల్లు దాని తర్వాతి ఇల్లే. వాకిలంతా నాపరాళ్లు పరిచి ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద అడుగు పెడితే బొబ్బలు లేచేవి, వానాకాలం పొద్దున పెడితే జివ్వుమనేది. పొయ్యిలోకి కందికట్టె. ఆ పొగ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నా కడుపులో ఆకలి లేస్తుంది. తెల్లవారేసరికి పెద్దవంటింట్లో జొన్నరొట్టెలు చరిచే చప్పుడు మొదలయ్యేది. పాలేర్లకు, ఇంట్లోవాళ్లకు, వచ్చీపోయేవాళ్లకు రొట్టెలు దొంతరలుగా లేస్తూనే ఉండేవి. తిండికి కరువున్న ఇల్లు కాదు మాది. అది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నా తమ్ముళ్లు ఆ ఇంట్లో ఆకలితో చచ్చిపోయారు.

ఆ ఇంటికి రాజు, మంత్రి, జవాను అన్నీ మా నాయినమ్మే. నడుముకు తాళాల గుత్తి, దవడన వక్కపొగాకు. సోమవారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు, ఏకాదశికి మంచినీళ్లు కూడా ముట్టదు. ఒక్కపొద్దు ఉన్న రోజు ఆమె నడకలోనే తేడా వచ్చేది, కొంచెం నిటారుగా నడిచేది. తినకుండా ఉండగలగడం ఆమె దృష్టిలో మనిషికి గొప్ప. తిండికి ఏడ్చేవాళ్లంటే ఆమెకు లోకువ. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా మొదట చేసే పని ఒకటుంది. ఆ మనిషి తినే కంచం తీసి, కడిగి, గోడ గూట్లో బోర్లించేది. కంచం బోర్లించిందంటే లంఖణం మొదలైనట్టు. ఇక గంజి లేదు, పాలు లేవు, శొంఠి వేసి కాచిన నీళ్లు మాత్రం గుక్కెడు. జ్వరం దిగాక మళ్లీ తనే కంచం వెల్లకిలా తిప్పి పథ్యం పెట్టేది. నాకు జ్వరాలు వచ్చినప్పుడు నా కంచమూ బోర్లించింది. నేను లేచి తిరిగాను. పాలేరు పిల్లలు లేచి తిరిగారు. అందుకే ఆమె వైద్యానికి ఊళ్లో పేరుండేది. నాయినమ్మను రాక్షసి అనను, అన్యాయం మాట్లాడను. పిల్లలు లంఖణంలో ఉంటే ఆమె కూడా అన్నం ముట్టేది కాదు. వాళ్లతోపాటు తనూ మాడేది. తేడా ఏమిటంటే, ఆమె ఒంటికి మాడటం చేతనైంది.

మా అమ్మ పేరు అనసూయ. ఆ ఇంటికి కోడలే కానీ పరాయిపిల్ల కాదు. నాయినమ్మ పెద్దకూతురిని వికారాబాద్‌కు ఇచ్చారు. ఆ పెద్దకూతురి కూతురే మా అమ్మ. అంటే మా నాయిన సొంత అక్క బిడ్డను చేసుకున్నాడు. ఆ రోజుల్లో మేనమామకు ఇవ్వడం కంటే పిల్లకు మేలు చేసిన సంబంధం లేదనేవాళ్లు. పెళ్లికి ముందు అమ్మ నాయినమ్మను 'అమ్మమ్మా' అని పిలిచేది, పెళ్లయ్యాక 'అత్తా' అనమన్నారు. ఇల్లదే, ముసలామె అదే, పిలుపొక్కటే మారింది. నాయినమ్మ ఆఖరి కూతురు సత్తెమ్మ అత్తా, మా అమ్మా ఇంచుమించు ఒక ఈడువాళ్లు. చిన్నప్పుడు ఒకే పక్కలో పడుకుని ఒకే బొమ్మతో ఆడుకున్నారట. సత్తెమ్మ అత్తను ఊళ్లోనే ఇచ్చారు కనుక పొద్దస్తమానం మా ఇంట్లోనే ఉండేది.

నా తర్వాత పుట్టిన పెద్దతమ్ముడు బొద్దుగా, మోచేతుల దగ్గర మడతలు పడి, ఎత్తుకుంటే చంక నొప్పి పుట్టేట్టు ఉండేవాడు. ఒక వానాకాలం వాడికి జ్వరమొచ్చింది. రెండుసార్లు కక్కుకున్నాడు. కంచం బోర్లించారు. వాడు గూటి వైపు చెయ్యి చూపించి "బువ్వ" అని ఏడ్చాడు. ఆ చెయ్యి నాకు గుర్తుంది. అమ్మ భయంభయంగా, "జర పాలన్న పోస్త అత్తా, మొకం పీక్కపోయింది" అంది. "గింత బొద్దుగున్నడు, ఒకటి రెండు పూటలు తినకుంటే కరిగిపోతడా? నీ ఫికర్ నీది! కడుపు కాలితే గాని జ్వరం కాలదు" అంది నాయినమ్మ. సాయంత్రానికి వాడు ఏడుపు ఆపాడు. పడుకున్నాడు. "సూడు, ఎట్ల కుదురుకున్నడో" అని నాయినమ్మ అందరినీ పిలిచి చూపించింది. అది కుదురుకోవడం కాదని డాక్టరమ్మ మొన్న చెప్పింది. ఒంట్లో చక్కెర అయిపోయి, కొవ్వు కరగక, మెదడుకు మేత లేక మగత కమ్మడం అది. పొద్దున అమ్మ లేపితే వాడు లేవలేదు. బుగ్గలు అంత బొద్దుగానూ ఉన్నాయి. ఊరి వైద్యుడు వచ్చి చూసి గండం అన్నాడు. గండమైతే గడవలేదు అనుకున్నారు. అప్పటికి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

చిన్నతమ్ముడు కూడా అంతే బొద్దుగా పుట్టాడు. వాడిని చూసి అందరూ పోయినవాడే మళ్లీ పుట్టాడని సంబరపడుతుంటే అమ్మ మాత్రం సంబరపడలేదు. వాడు తుమ్మితే ఉలిక్కిపడేది. వాడికీ ఒకసారి ఒళ్లు కాలింది. గూట్లో కంచం బోర్లింది. నాయినమ్మ ఒక్కపొద్దు పట్టింది. ఈసారి అమ్మ వాడి ఏడుపు తట్టుకోలేకపోయింది. అమ్మకేదో వైద్యం తెలుసని కాదు, పిల్లవాడు ఆకలని ఏడుస్తుంటే తల్లికి పాలు వచ్చినట్టు చెయ్యి దానంతటదే పోయింది, అంతే. బెల్లం ముక్క కొంగున ముడేసుకుని, గుక్కెడు నీళ్లలో వేలితో కరిగించి, నీళ్లకని పోయినప్పుడల్లా వాడి నాలుకకు అద్దేది. నన్ను వాకిట్లో ఆడుకోమని, ఎవరైనా వస్తే గట్టిగా పాడమనేది. నేను పాడాను కూడా. నాకు తెలిసిన పాటలన్నీ అయిపోయేదాకా పాడాను. వాడు లేచాడు. జ్వరం దిగింది. నాయినమ్మ తన లంఖణం గెలిచిందని ఊరంతా చెప్పుకుంది. అమ్మ కిక్కురుమనలేదు.

చీమలు ఊరుకోలేదు. వాడి ఉయ్యాల గుడ్డకు అంటిన బెల్లం నీళ్లకు ఎర్రచీమలు బారులు కట్టాయి. నాయినమ్మ కళ్లకు చూపు తక్కువేం కాదు. ఆ బారు పట్టుకుని వెనక్కి వెనక్కి పోయింది, చిలక్కొయ్యకు వేలాడుతున్న అమ్మ కోక దాకా పోయింది, కొంగు ముడి విప్పింది. అందులోంచి బెల్లం రాలింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొచ్చే సంగతే, అప్పుడు నవ్వు రాలేదు. "లంకణం పొల్లగానికి దొంగ తిండి పెడ్తవా? పెద్దోనికి గూడ గిట్లనే పెట్టి సంపినవా?" అని నాయినమ్మ వాకిట్లో నిలబడి అరిచింది. పాలేర్లు విన్నారు. రొట్టెలు చరిచేవాళ్లు చెయ్యి ఆపి విన్నారు. అమ్మ "లేదు అమ్మమ్మా, లేదు" అంది. భయంలో పాత పిలుపు వచ్చింది నోట్లోంచి. పెద్దవాడికి ఒక్క చుక్క కూడా పెట్టలేదు, పెట్టి ఉంటే బతికేవాడేమో, కానీ ఆ మాట అనడానికి అప్పుడు ఎవరికి తెలుసు? ఆ రోజు నుంచి అమ్మ మీద ఒక కన్ను వేసి ఉంచారు.

కొన్నాళ్లకు చిన్నతమ్ముడికి మళ్లీ జ్వరం. ఈసారి నాయినమ్మ అమ్మను వాడి దగ్గరికే రానివ్వలేదు. లోపలి గదిలో పడుకోబెట్టి, గడప మీద సత్తెమ్మ అత్తను కూర్చోబెట్టింది. అత్త చేట ముందేసుకుని కందులు ఏరుతూ కూర్చుంది. అమ్మ ఎన్నిసార్లు వచ్చిందో. వచ్చిన ప్రతిసారీ చేట అడ్డం పెట్టి, "నువ్వు రాకు అనసూయా. వానికి నయమైనంక నువ్వే ఎత్తుకుందువు. నా మాట ఇను" అనేది. గొంతులో కోపం లేదు, బుజ్జగింపే. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని వాడి ఏడుపు వింటూ ఉండేది. నాయిన చేలోంచి వచ్చాడు. అమ్మ లేచి ఎదురుపోయి, "నువ్వన్న జెప్పు, ఒక్క గుక్కెడు పాలు" అని కాళ్లు పట్టుకుంది. నాయిన ఒకసారి తల్లి వైపు చూశాడు, ఒకసారి చెల్లెలి వైపు చూశాడు. "పెద్దోళ్లకు తెల్వదా?" అన్నాడు. ఎడ్లకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు. మా నాయిన మంచివాడని ఊళ్లో అందరూ అంటారు, ఒకరి జోలికి పోడని, నోరెత్తడని. ఆ నోరెత్తని మంచివాళ్లతోనే నాకు పేచీ. కొంతసేపటికి లోపల ఏడుపు ఆగిపోయింది. పడుకున్నాడు, కుదురుకున్నాడు అంది అత్త. అమ్మ కుప్పకూలింది. ఆ మాట ఆమెకు ఇంతకుముందు తెలుసు.

వాడిని మట్టిలో పెట్టి వచ్చాక మొదలైంది అసలు సంగతి. మొదటిసారి గండం అన్నవాళ్లు రెండోసారి కారణం వెతికారు. లంఖణం పెట్టిన చేతిని ఎవరూ చూడలేదు, ఎందుకంటే అది అందరికీ నయం చేసిన చెయ్యి. నాయిన వైపు ఎవరూ చూడలేదు. మిగిలింది అమ్మ. ఆమె అడుగు మంచిది కాదన్నారు. పాలల్లో విషముందన్నారు. చివరికి బావి దగ్గర, బండ్ల మీద, పెళ్లిళ్లలో ఒకే మాట నిలబడిపోయింది, పిల్లల్ని మింగిన తల్లి అని. నేనూ ఆ కడుపునే పుట్టి బతికున్నానన్నది ఎవరికీ పట్టలేదు. ఆడపిల్లను కనుక లెక్కలోకి రాలేదేమో. ఏడాది తిరక్కుండా కోట్‌పల్లి దిక్కున చూసి నాయినకు రెండో పెళ్లి చేశారు. అమ్మనూ నన్నూ తాండూరు స్టేషన్‌లో రైలెక్కించి వికారాబాద్ పంపించారు. ప్లాట్‌ఫారం మీద నాయిన నాకు కమ్మర్‌కట్టలు కొనిచ్చాడు. నేను తినలేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటున్నాను.

ఆ తర్వాత జరిగినదే నాకు ఎక్కువ మంట. నర్సింహ పుట్టాడు, వాడి వెనక ఇంకో ఇద్దరు పుట్టారు. వాళ్లకూ జ్వరాలు వచ్చాయి, వాళ్ల కంచాలూ బోర్లించారు, వాళ్లందరూ నిక్షేపంగా లేచి తిరిగారు. ఇంకేం కావాలి ఊరికి? "సూసిన్రా, తల్లి మారంగనే పిల్లలు నిలబడ్డరు" అన్నారు. వికారాబాద్ దాకా వచ్చి చెప్పి పోయారు. ఎదురు చెప్పడానికి మా అమ్మ దగ్గర ఏముంది? నాకైనా ఏం తోచింది? నిజంగానే తల్లి మారగానే పిల్లలు బతికారు కదా అని, బయటికి అనలేదు గానీ, నేనూ లోపల్లోపల వణికాను.

డాక్టరమ్మ ఆ ముడి విప్పింది. ఈ జబ్బు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే రాదట. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులు కలిస్తేనే బిడ్డకు వస్తుందట. ఒక్కటే చెడ్డ జన్యువు మోసేవాళ్లకు ఏమీ కాదు, వాళ్లు మోస్తున్నట్టు వాళ్లకే తెలియదు. అక్క కూతురిని తమ్ముడు చేసుకుంటే ఇద్దరికీ ఒకే ఇంటి చెడ్డ జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. కోట్‌పల్లి నుంచి వచ్చినామె బయటి రక్తం, ఆమెలో అది లేదు కనుక పిల్లలు బతికారు. నాయిన ఇచ్చిన జన్యువు మాత్రం నర్సింహ మోశాడు, కొడుక్కి ఇచ్చాడు. నేను మోశాను, నా కొడుక్కి ఇచ్చాను, వాడు స్వాతికి ఇచ్చాడు. రెండూ ఈ పసిగుడ్డులో కలిశాయి. నర్సింహ ఒంట్లో మా అమ్మ రక్తం ఒక్క చుక్క లేదు. మరి ఎక్కడిది వాడికి? "అంటే మా నాయినలో కూడా ఉన్నట్టే కదమ్మా?" అని అడిగాను. "పోయినవాళ్లకు పరీక్ష చేయలేం అమ్మమ్మా, కానీ మీరు చెప్పినదాన్ని బట్టి అట్లాగే అనుకోవచ్చు" అంది. అనుకోవచ్చు! అన్ని చదువులు చదివిన పిల్ల అనుకోవచ్చు అని ఆగింది. ఏమీ తెలియని మా ఊరు ఒక్క క్షణం ఆగిందా? నాయినకూ ఉంది, అమ్మకూ ఉంది, ఇద్దరికీ ఇచ్చింది ఆ ఇల్లే. అమ్మ నేరానికి రుజువని ఊరంతా చూపించిన ఆ బతికిన పిల్లలే అసలు సంగతికి రుజువు.

వికారాబాద్‌లో మా అమ్మ చాలా ఏళ్లు బతికింది. బతికింది అంటే తిరిగింది, వండింది, నన్ను చదివించింది. కానీ పురిటిల్లు ఉన్న వాడకట్టు వైపు పోయేది కాదు. చుట్టాలింట్లో బారసాల అయితే బియ్యం, బట్ట నా చేత పంపేది, తను గేటు దాటేది కాదు. మొదట్లో పిలవనివాళ్లు, తర్వాత్తర్వాత కాలం మారి మనసారా పిలిచారు. తనే వెళ్లలేదు. నాకు కొడుకు పుట్టినప్పుడు ఆసుపత్రి వసారాలో నిలబడి, కిటికీ ఊచల్లోంచి నాకు అన్నం గిన్నె అందించింది. "లోపలికి రా అమ్మా, ఎత్తుకో" అన్నాను. "నా చెయ్యి మంచిది కాదు బిడ్డా" అంది. నేను ఏడ్చాను, తిట్టాను, ఒట్టు పెట్టాను. రాలేదు. వాడు నడక నేర్చి, తనంతట తాను పోయి ఆమె ఒళ్లో పడేదాకా వాడిని తాకలేదు. వాడికి జ్వరమొస్తే మాత్రం గుమ్మం దగ్గర కాపలా కూర్చుని, "తిన్నడా? తిన్నడా?" అని నా ప్రాణం తీసేది. ఆమెను ఊరు నమ్మించింది చూడండి, అదీ నేను క్షమించలేనిది. ఇద్దరు బిడ్డలు పోవడం ఒక దుఃఖం. వాళ్లను తనే తిన్నానని నమ్ముతూ ముసలితనం దాకా బతకడం ఇంకొకటి. మొదటిదానికి రోగం కారణం. రెండోది మనుషులు చేసిన పని.

కొన్ని నెలలకు పాపకు అన్నం ముట్టించే వేడుక తాండూరులో నర్సింహ ఇంట్లో చేశారు. పాత నాపరాళ్ల ఇల్లు కాదు అది, పాలరాయిలా మెరిసే బండలు, గోడకు ఏసీ, ఫ్రిజ్ మీద డాక్టరమ్మ ఫోన్ నంబరు. పాప పాల వేళ తప్పకుండా మహేష్ ఫోన్‌లో అలారం మోగుతుంది. ఎంత మారిందో అని సంతోషపడాలనే వెళ్లాను. హాలు మధ్యలో కుర్చీలో సత్తెమ్మ అత్త కూర్చుని ఉంది. తొంభై దాటినా చెవులు పనిచేస్తాయి, నోరు పనిచేస్తుంది. ఆ తరంలో మిగిలింది ఆమె ఒక్కతే. దీవించమని పాపను ఆమె ఒళ్లో పెట్టారు. అత్త పాప పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. "ఒళ్లు జర వెచ్చగున్నది పిల్లకు. ఇయ్యాల అన్నం ముట్టియ్యకున్రి, పాలు గూడ ఆపున్రి. ఒక్క పూట కడుపు కాలితే అదే నిమ్మలమైతది" అంది.

స్వాతి చేతిలో వెండి చెంచా ఆగిపోయింది. అన్నీ తెలిసిన పిల్ల, డాక్టరమ్మ మాటలు కంఠతా వచ్చిన పిల్ల, పెద్దావిడ మాట పడేసరికి తన అత్తగారు, నర్సింహ భార్య మొహం చూసింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో నాకు కనబడింది, మా ఇళ్లల్లో పిల్లలు ఎట్లా పోతారో. ఒక్క ఊపులో పోయి పాపను ఎత్తుకున్నాను. "కూర్చో స్వాతీ, ముందు పాలు పట్టు" అని అరిచాను. స్వాతి తేరుకుని పాపను ఒళ్లోకి తీసుకుంది. మహేష్ థర్మామీటర్ పెట్టి చూశాడు, జ్వరం లేదు, జనం వేడి. అయినా డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. పాప పాలు తాగుతోంది. నేను అత్త ముందు నిలబడి ఉన్నాను.

"అప్పుడు సాలలేదా అత్తా?" అన్నాను.

"ఏందే గట్ల మీదికొస్తున్నవ్? అప్పుడు ఎవలకు ఎర్క బిడ్డా? జ్వరమొస్తే అందరం గట్లనే జేస్తుంటిమి. మా అమ్మ కావాలని చేసిందా?"

"కావాలని చెయ్యలే. ఎర్క లేక చేసిన్రు. ఒప్పుకుంటున్న. రోగమేందో మీకు ఎర్క లేదు, మందేందో ఎర్క లేదు. మరి పిల్లల్ని మింగింది మా అమ్మనే అని మాత్రం ఎట్ల ఎర్కైంది?"

నర్సింహ నా భుజం పట్టుకుని, "అక్కా, ఇయ్యాల వద్దే, ముసలామె" అన్నాడు. "ఈమె గూడ పోతే ఇంకెవల్ని అడగాలెరా?" అన్నాను. వాడు చెయ్యి తీసేశాడు.

అత్త కుర్చీ చెయ్యిని వేళ్లతో రుద్దింది. తర్వాత అంది, "ఎవలనో ఒకలను అనకుంటే ఊరు ఊకుంటదా? మా అన్నను అనేటోళ్లు. మగోడు, మళ్ల పెండ్లి కావాల్సినోడు. పిల్లనెవలిస్తరు వానికి? తోడబుట్టినోని మీద ఎట్ల ఏసుకుంటం బిడ్డా?"

నేను ఇన్నేళ్లూ అది మూఢత్వం అనుకున్నాను. మూఢత్వం కాదు. ఆ ఇంట్లో కూర్చుని, ఆలోచించి, ఎవరి మీద వేయాలో తేల్చుకున్నారు.

"మరి అనసూయ ఎవల కడుపుల పుట్టింది అత్తా?" అని అడిగాను.

"మా అక్క కడుపుల" అంది అత్త. అనేశాక ఆ మాట ఆమెకే మొదటిసారి వినబడినట్టు నోరు అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది. కాసేపటికి కళ్ల నుంచి నీళ్లు కారడం మొదలైంది. అందరూ నా వైపు చూశారు, దగ్గరికి వెళ్లి ఓదారుస్తానని. నేను ఓదార్చలేదు. ఆ పని నాది కాదు.